సర్వరు లేదట!

ఈ దినములలో మన ప్రజలు ప్రభుత్వపు ముంగిళ్లయందును, బ్యాంకుల ముంగిళ్లయందును మాటిమాటికి వినుచున్న మాట యొకటి కలదు. అది "సర్వరు లేదు" అనునది. బియ్యమునకై చౌకధరల దుకాణమునకు పోయిన పేదరాలికి ఇదియే సమాధానము. పింఛనుకై పోయిన వృద్ధునకు ఇదియే సమాధానము. దస్తావేజు రిజిస్టరు చేయింపబోయిన రైతునకును, ధ్రువపత్రముకై మీసేవా కేంద్రమున నిలిచిన విద్యార్థికిని, తన ఖాతాలోని తన రూకలనే తాను తీసికొనబోయిన కూలివానికిని ఇదియే సమాధానము. పూర్వము దొరగారు క్యాంపునకు వెళ్లినారని చెప్పి జనులను త్రిప్పి పంపెడివారు. దొర యేనాటికైనను తిరిగి వచ్చును. వచ్చినపుడు ఎదుట నిలిచి మొర పెట్టుకొనవచ్చును. సర్వరు ఎచట నున్నదో, ఎవరి యధీనమున నున్నదో, ఎపుడు వచ్చునో చెప్పువాడు లేడు. దానికి దరఖాస్తు పెట్టుకొనుటకు వీలు లేదు. దానిని నిలదీయుటకు వీలు లేదు. స్వతంత్ర భారతమున ఎవరికిని జవాబు చెప్పనక్కరలేని యుద్యోగి యెవడైన నున్నాడన్నచో వాడు ఈ సర్వరే.

మేము యంత్రద్వేషులము కాము. కరణముగారి కనికరముపై బ్రతికిన కాలము తిరిగి రావలెనని మేము కోరుట లేదు. దూరదేశమున నున్న కుమారుడు పంపిన పైకము తల్లికి నిమిషములో చేరుచున్నది. రైలు టిక్కెట్టుకై రాత్రియెల్ల స్టేషనులో పడిగాపులు పడు బాధ తగ్గినది. 2016లో పుట్టిన యూపీఐ పద్ధతిపై 2025 మే మాసమొక్కదానిలోనే 1,800 కోట్లకు మించిన చెల్లింపులు జరిగినవి. ఇది సామాన్యమైన సాధన కాదు. గాంధీమహాత్ముడు సైతము తన నిరసన యంత్రముపై గాదనియు, యంత్రవ్యామోహముపై ననియు 1924లో స్పష్టపరచి, కుట్టుమిషనును మెచ్చుకొనియుండెను. కావున యంత్రము కావలెనా, వలదా అనునది ఇచట ప్రశ్న కానే కాదు. యంత్రము నిలిచిపోయినపుడు ఆ నష్టమును మోయవలసినవా డెవడు? ఇదియే మా ప్రశ్న. దానిని నెలకొల్పినవాడా, లేక దాని యెదుట వరుసలో నిలిచినవాడా?

యంత్రము నిలుచుట వింత కాదు. ఎంతటి సంపన్నదేశపు యంత్రమైనను నిలుచును. 2024 జూలై 19వ తేదీన అమెరికా దేశపు క్రౌడ్‌స్ట్రైక్ అను సంస్థ, కంప్యూటర్లను దుండగుల బారినుండి కాపాడు తన సాధనమునకు సవరణ యొకటి పంపెను. అందొక దోష ముండెను. గంటన్నర గడువకమున్నే దానిని ఉపసంహరించుకొనినను, అంతలోనే మైక్రోసాఫ్టు వారి యంచనా ప్రకారము ప్రపంచమున 85 లక్షల కంప్యూటర్లు స్తంభించెను. దొంగ చేయలేని పనిని కావలివాడే చేసెను! వానిని బాగుచేయుటెట్లు? అనేక స్థలములలో మనుష్యుడే యొక్కొక్క యంత్రము కడకు పోయి, చేతితో ఆ చెడ్డ ఫైలును తొలగింపవలసి వచ్చెను. యంత్రము పడిపోయినపుడు లేపినది కూడ మనుష్యుని చేయియే యని పాఠకులు గమనింపవలెను.

ఆ దినమున మన విమానాశ్రయములలో ఏమి జరిగెను? విమానములు ఆలస్యమైనవి, కొన్ని రద్దయినవి, నిజమే. అయినను "సర్వరు లేదు, వచ్చేనెల రండి" అని ప్రయాణికులను వెడలగొట్టలేదు. హైదరాబాదు మొదలగు చోట్ల గుమాస్తాలు కలము చేతబట్టి బోర్డింగు పాసులను వ్రాసి యిచ్చిరి. 2022 నవంబరు 23వ తేదీన ఢిల్లీలోని అఖిలభారత వైద్యవిజ్ఞాన సంస్థపై దుండగులు దాడిచేసి ఐదు సర్వర్లలోని సమాచారమునకు తాళము వేసిరి. సుమారు రెండు వారములు ఆ మహావైద్యశాలలో చీట్లు, చేరికలు, పరీక్షల ఫలితములు కాగితముపైననే సాగెను. రోగులు మిక్కిలి యిబ్బంది పడిరి. కాని వైద్యము ఆగలేదు. 2025 నవంబరులో ఢిల్లీ విమానాశ్రయమున, విమానముల ప్రయాణ ప్రణాళికలను నియంత్రణాధికారులకు చేరవేయు యంత్రము చెడిపోయి 800లకు మించిన విమానములు ఆలస్యమైనవి. అపుడును ఆ యధికారులు ఆ ప్రణాళికలను చేతితోనే సిద్ధముచేసి విమానములను నడపిరి.

ఈ మూడు సందర్భములయందును మనకు తెలియవచ్చునదేమి? రెండవ దారి యసాధ్యము కాదని. కలము, కాగితము, బుద్ధిగల గుమాస్తా ఉన్నచో పని జరుగుననియు, జరిగితీరవలెనను పట్టుదల యుండుటయే ముఖ్యమనియు తెలియుచున్నది. ఇక మా ఫిర్యాదును దాపరికము లేక చెప్పుచున్నాము. విమానమెక్కువానికి చేతివ్రాత పాసు దొరికినది. పదికిలోల బియ్యమునకై వచ్చిన ముసలమ్మకు చేతివ్రాత చీటి యేల దొరకదు? "సర్వర్ రావట్లేదమ్మా, రేపు రా" అను మాట ఆమెకే యేల దక్కినది? విమానాశ్రయములో ఆలస్యమైనచో పత్రికలలో వార్త యగును, మంత్రి సంజాయిషీ చెప్పును. ఆమె ఆలస్యము ఎవరి లెక్కలోనికిని రాదు. ఆమె రెండవ దినము మరల కూలి మాని నడచి వచ్చును. ఆ దినమునను వ్రేలిముద్ర పడనిచో మూడవ దినము. పోయిన కూలికి రసీదు లేదు.

చౌకధరల దుకాణపు యంత్రము పనిచేయు విధము నొకింత విచారింతము. ఆంధ్రప్రదేశమున 2015 నుండియు ఈ పద్ధతి విస్తరించినది. అందు ఐదు కొక్కెములు గల గొలుసొకటి కలదు. మొదట ఆ చిన్న యంత్రమునకు కరెంటో బ్యాటరీయో ఉండవలెను. రెండవది, దానిలోని సిమ్ముకు సిగ్నలు దొరకవలెను. మూడవది, రాష్ట్రపు సర్వరు మేలుకొనియుండవలెను. నాలుగవది, ఆధార్ సంస్థ సర్వరు బదులు పలుకవలెను. ఐదవది, ఆ మనుష్యుని వ్రేలు తన గుర్తు తాను చెప్పగలుగవలెను. ఒక్కొక్క కొక్కెము నూటికి 95 పర్యాయములు సరిగ పనిచేయుననుకొందము. అది మెచ్చదగిన పనితనమే. కాని ఐదును ఒకేసారి పనిచేయుట నూటికి 77 పర్యాయములే యగును. ఇది చిన్నతరగతి గణితము. వరుసలోని ప్రతి నలుగురైదుగురిలో నొకనిని వట్టిచేతులతో పంపుటకు ఎవరికిని దురుద్దేశ ముండనక్కరలేదు. గొలుసు పొడవైనది, రెండవ దారి లేదు, అంతియే చాలును.

ఆ యైదవ కొక్కెమును గూర్చి మరియొక మాట. ఎవరి వ్రేళ్లు ఆ యంత్రమునకు తెలియవు? సున్నము, సిమెంటు కలిపినవాని వ్రేళ్లు. యేండ్లతరబడి అంట్లు తోమినదాని వ్రేళ్లు. నారు నాటి, కోతకోసి, రాయి కొట్టి ముద్ర లరిగిపోయినవారి వ్రేళ్లు. వార్ధక్యమున చర్మము ముడతలు పడినవారి వ్రేళ్లు. దేశమునకు జీవితమంతయు ధారపోసినందుననే వారి వ్రేళ్లు అరిగినవి. ఆ యరుగుదలయే వారి కిపుడు నేరమైనది!

దీని పర్యవసాన మెంత ఘోరముగ నుండగలదో 2017లో జార్ఖండు రాష్ట్రపు సిమ్‌డేగా జిల్లాలో దేశము చూచినది. ఆధారుతో ముడివడని కారణమున రేషను కార్డు రద్దయిన కుటుంబములో పదునొకండేండ్ల బాలిక మరణించినది. ఆకలిచే మరణించినదని తల్లి. కాదు, రోగముచే మరణించినదని ప్రభుత్వము. వాదమట్లుండగా, ఆ యింట బియ్యము లేకుండుట మాత్రము ఎవరి వాదమునను చెరిగిపోదు. ఆ సంవత్సరముననే కేంద్రప్రభుత్వపు ఆహారశాఖ అన్ని రాష్ట్రములకు ఆజ్ఞ పంపెను: సంబంధము తెగినను, ముద్ర పడకున్నను, అర్హులను త్రిప్పి పంపరాదు, మినహాయింపు పుస్తకమున వ్రాసికొని సరకు లీయవలెను. 2018 సెప్టెంబరు 26వ తేదీన సుప్రీంకోర్టు తీర్పు నిచ్చిన ఆధార్ వ్యాజ్యములోను, ధ్రువీకరణ విఫలమైన మాత్రమున అర్హుని త్రోసిపుచ్చబోమని ప్రభుత్వము హామీ నిచ్చినది.

అనగా రెండవ దారి ఆజ్ఞారూపమున నున్నది, న్యాయస్థానము నెదుటి హామీరూపమున నున్నది. దుకాణపు బల్లపైన మాత్రము లేదు. పుస్తక మెచట నున్నదని యడుగుటకు ఆ ముసలమ్మకు తెలియదు. తెలిసినవారు అడుగరు, ఏలన వారికి ఆ బియ్య మక్కరలేదు. ఆజ్ఞను వ్రాయుటయే పరిపాలన యని తలంచు మేధావులకు మా నమస్కారములు. ఆజ్ఞ బల్లమీదికి చేరినప్పుడే పరిపాలన యనబడును.

బియ్యము మాట యట్లుండగా కూలి మాట చూతము. ఉపాధిహామీ పనులలో 2023 జనవరి 1వ తేదీనుండి కూలీల హాజరును సెల్‌ఫోనులో, దినమునకు రెండు ఛాయాచిత్రములతో నమోదు చేయవలెనని కేంద్రము నిర్బంధించెను. సిగ్నలు లేని మన్యములో ఛాయాచిత్ర మెక్కనిచో, త్రవ్విన గుంట యెదుట నున్నను, మోసిన మన్ను గట్టున నున్నను, కూలి సందేహములో పడును. కంటి కెదుట నున్న పని సాక్ష్యము కాదు. ఎక్కని బొమ్మయే సాక్ష్యము! బ్యాంకుల మాటయు నిట్టిదే. 2024 జూలై 31వ తేదీన సీ-ఎడ్జ్ అను సాంకేతిక సంస్థపై జరిగిన దాడివలన దానిని చెల్లింపుల జాలమునుండి వేరుచేయవలసివచ్చి, దానిపై నాధారపడిన సుమారు 300 చిన్న బ్యాంకుల ఖాతాదారుల చెల్లింపులు నిలిచిపోయెను. మరునాడు సరియైనది, సంతోషమే. కాని దెబ్బతిన్నవి సహకార బ్యాంకులు, గ్రామీణ బ్యాంకులు. అనగా చిన్నవారి బ్యాంకులు. 2025 మార్చి 26నను, ఏప్రిల్ 12నను యూపీఐయే తడబడినపుడు జేబులో నోటున్నవాడు నవ్వుకొని పోయినాడు. లేనివాడు టీకొట్టు యజమాని యెదుట తల వంచుకొని నిలిచినాడు.

మా వాదమునకు ప్రతిపక్షులు చెప్పు సమాధాన మొకటి కలదు. కాగితపు దారి తెరచినచో దొంగలు మరల ప్రవేశింతురనియు, దొంగకార్డులు, దొంగహాజరులు, లంచములు తిరిగి తలయెత్తుననియు వారందురు. దీనిని తేలికగ కొట్టివేయుట మాకును సమ్మతము కాదు. కాగితపు రోజులలో దొంగతనము జరిగినది. ఆ దొంగతనములో నష్టపడినదియు పేదవాడే. అయినను మే మడుగుచున్నాము: దొంగను పట్టుకొనుట యెవరి పని? సర్కారు పని. దానికి తనిఖీ యున్నది, శిక్షాస్మృతి యున్నది. ఒక దొంగ లోపలికి వచ్చునేమో యను భయముతో నలుగురు యజమానులను వాకిట నిలుపు తలుపు ఏపాటి తలుపు? చేతిపుస్తకములో వ్రాసిన ప్రతి పేరును యంత్రము లేచిన పిమ్మట సరిచూడవచ్చును. ముందు బియ్యమిచ్చి తరువాత విచారించుట వలన పోవునది నాలుగు కిలోల బియ్యము. ముందు విచారించి తరువాత ఇత్తుమనుట వలన పోవునది ప్రాణము కావచ్చును. ఈ రెంటిలో ఏది తిరిగి సంపాదింపగలమో ప్రతిపక్షులే చెప్పుదురుగాక.

పైగా ఈ రెండవ దారి మనకు క్రొత్త కాదు. రైల్వేను చూడుడు. సిగ్నలు చెడిపోయిన దినమున రైళ్లన్నియు అడవిలో నిలిచిపోవు. స్టేషను మాస్టరు నిర్ణీతమైన కాగితముపై అధికారపత్రము వ్రాసి సంతకము చేసి యిచ్చును. డ్రైవరు దానిని చేతబట్టుకొని నిదానముగ బండిని దాటించును. ఏ లోపమునకు ఏ కాగితమో, ఎంత వేగమో, ఎవరి బాధ్యతయో ముందే వ్రాయబడియున్నది, ఉద్యోగులకు నేర్పబడియున్నది. యంత్రము చెడును అను సత్యమును సిగ్గుపడక యొప్పుకొని, చెడిన దినమున కొక నియమావళిని కల్పించుకొనుటయే నిజమైన యంత్రజ్ఞానము.

ఎన్నికలను చూడుడు. ప్రజాస్వామ్యమునకు ప్రాణప్రదమైన వోటు విషయమున మన దేశము యంత్రమునొక్కదానినే నమ్మలేదు. 2019 సార్వత్రిక ఎన్నికలనుండి ప్రతి పోలింగు కేంద్రమున యంత్రము ప్రక్కన కాగితపు చీటీ వెలువరించు పరికరమును నిలిపిరి. వోటరు ఏడు సెకండ్లు దానిని కన్నులార చూచును. ఒక్కొక్క శాసనసభా నియోజకవర్గ పరిధిలో ఐదు కేంద్రముల చీటీలను లెక్కించి సరిచూడవలెనని సుప్రీంకోర్టు శాసించెను. వోటునకు కాగితపు సాక్ష్యము కావలసినపుడు, వోటు వేసినవాని కూటికి అక్కరలేదా?

రిజర్వు బ్యాంకును చూడుడు. 2019 సెప్టెంబరులో అది యొక నియమము చేసెను. ఏటీఎంలో పైకము రాకుండ ఖాతాలో కోతపడినచో, ఆ దినము మినహా ఐదు దినములలోపల దానిని తిరిగి జమచేయవలెను. ఆ గడువు దాటినచో దినమునకు 100 రూపాయల చొప్పున ఖాతాదారునకు, అతడు అడుగకున్నను, పరిహార మీయవలెను. ఎంత న్యాయమైన సూత్రము! యంత్రపు తప్పునకు యంత్రపు యజమాని చెల్లించును. ఖాతాదారునకు వర్తించిన ధర్మము కార్డుదారునకు, పింఛనుదారునకు, కూలికి వర్తింపకుండుటకు కారణమేమి? ధర్మము ఖాతాలోని నిలువను బట్టి మారునా?

ఇక జాతీయగౌరవమునకు సంబంధించిన మాట. మన తాళములు కొన్ని మన చేతిలో లేవు. గుజరాతులోని వాడినారున గొప్ప చమురుశుద్ధి కర్మాగారమును నడుపు నయారా సంస్థపై, అందు రష్యా సంస్థకు వాటా యున్న కారణమున, ఐరోపా సమాఖ్య 2025 జూలైలో ఆంక్షలు విధించెను. ఆ యాంక్షలను భారతదేశ మంగీకరింపలేదు. అయినను అమెరికా సంస్థయైన మైక్రోసాఫ్టు ఆ కర్మాగారమువారి ఉత్తరప్రత్యుత్తరములను, సమాచారమును కొలదిదినములు నిలిపివేసెను. వారు ఢిల్లీ హైకోర్టు నాశ్రయించిరి. పిదప సేవలు పునరుద్ధరింపబడెను. భారతభూమిపై, భారత చట్టములకు లోబడి నడచు కర్మాగారమునకు, సముద్రముల కావల నొకరు మీట నొక్కగా నోరు పడిపోయినది. విదేశీవస్త్రమును వదలుకొని మన చేతులతో నూలు వడికికొన్న జాతికి దీని యర్థము వేరుగ చెప్పనక్కరలేదు. పరదేశపు విద్యను నేర్చుకొనుడు, వాడుకొనుడు. కాని అది లేని దినమున బ్రతుకగల శక్తిని మాత్రము ఎవరికిని తాకట్టు పెట్టకుడు. ఆ శక్తికే స్వరాజ్యమని పేరు.

ఆ దినము వచ్చిననాడు ఎట్లుండునో మన విశాఖపట్టణము నెరుగుదురు. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను ఆ నగరముపై విరుచుకుపడెను. కరెంటు పోయెను, టెలిఫోను పోయెను, ఏటీఎంలు మూగవోయెను. ఖాతాలో లక్షలున్నవాడును పాలకును, నీళ్లకును చిల్లర వెదకుకొనవలసివచ్చెను. అపుడు ఆదుకొన్నది పొరుగువాడు, అప్పుపుస్తకముంచిన వీథిచివరి కిరాణాకొట్టువాడు, చేతిలోని నోటు. అప్పటికి యూపీఐ పుట్టలేదు. నేడు చిల్లర యుంచుకొను నలవాటే తప్పిన పట్టణములపై అట్టి గాలి వీచినచో పరిస్థితి యేమగునో పాఠకులే యూహింపగలరు.

కావున ప్రభుత్వములను మేము కోరునది వరములు కాదు, న్యాయము. ప్రజల కూటికి, కూలికి, పింఛనుకు, భూమికి, వైద్యమునకు సంబంధించిన ప్రతి కార్యాలయమునను చేతిపుస్తక మొకటి బల్లపై నుండవలెను. యంత్రము అర్ధగంటకు మించి నిలిచినచో దానిలో వ్రాసికొని పని జరుపుట ఉద్యోగికి హక్కు గాక విధి కావలెను. యంత్రము నిలిచిన వేళను, లేచిన వేళను గోడమీద వ్రాయవలెను. నెలకొకసారి జిల్లా లెక్కను ప్రకటింపవలెను. యంత్రము నిలిచినన్ని దినములు గడువులన్నియు తమంతట తామే పొడిగింపబడవలెను. త్రిప్పి పంపబడినవానికి పోయిన కూలిని ఇచ్చు పరిహారనియమము రావలెను. ఏడాదికొక దినము కంప్యూటరు లేకుండ కార్యాలయమును నడపి చూడవలెను; అగ్నిమాపకదళము వారు సాధన చేయుట లేదా? సాధన లేని కలము అవసరకాలమున కదలదు.

ప్రజలకును మా మనవి కలదు. ఇంట వారము దినముల ఖర్చునకు నోట్లు, చిల్లర ఉంచుకొనుడు. పదిమంది ముఖ్యుల టెలిఫోను సంఖ్యలను పుస్తకమున వ్రాసి గోడకు వ్రేలాడదీయుడు. పట్టా, పాసుపుస్తకము, వైద్యుని చీట్లు, వీని కాగితపు నకళ్లను పెట్టెలో దాచుకొనుడు. పిల్లలకు నోటిలెక్కలు నేర్పుడు. అన్నిటికంటె ముఖ్యముగ, అక్షరజ్ఞానము కలవారు వారమునకొక గంట చౌకధరల దుకాణమున, పింఛను పంపిణీ స్థలమున నిలువుడు. "సర్వరు లేదు" అని యెవరైన పేదను త్రిప్పి పంపినచో వాగ్యుద్ధము వలదు. ఆ మాటనే తేదీతో, వేళతో, సంతకముతో కాగితముపై వ్రాసి యిమ్మని యడుగుడు. మినహాయింపు పుస్తకమును చూపుమని యడుగుడు. వ్రాసి యిచ్చినచో దానిని జిల్లా కలెక్టరునకు పంపుడు. వ్రాయననినచో, సరకు కొలిచి యీయవలసినదని చెప్పి, ఆ పేదతో కూడ అక్కడనే నిలువుడు.